బట్టమేకకు కళ్ళజోడు పెట్టకండి మాస్టారూ

మాస్టారు గారూ,

మీ ప్రశ్న రాత్రి చదివాను, పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. సమాధానం పొడుగే అవుతుంది, కాస్త ఓపిక పట్టండి. ముందు నాకు అర్థమైంది చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీది నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు అభయారణ్యానికి దగ్గరలో ఉన్న హైస్కూలు. అక్టోబరు 2 నుంచి 8 దాకా జరిగే వన్యప్రాణి వారోత్సవాలకు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 25 మందితో కలిసి ఆరడుగుల బట్టమేక పిట్ట బొమ్మ చేద్దామనుకుంటున్నారు. చేతిలో ఉన్నది ఎనిమిది వేలు. థర్మాకోల్‌తో చేసి, ముక్కు మీద కళ్ళజోడు, రెక్కలో సెల్‌ఫోను, కాళ్ళకు బూట్లు పెట్టి, మెళ్ళో ‘నన్ను కాపాడండి’ అని బోర్డు వేలాడదీస్తే పిల్లలు ఎగబడి చూస్తారని మీ ఆలోచన. మీ అనుమానాలు రెండు. అంత బొమ్మ రెండు కాళ్ళ మీద నిలబడుతుందా? నవ్వించే బొమ్మ పెడితే, అంతరించిపోతున్న పక్షి సంగతి కాస్తా నవ్వులాటైపోదా?

నిలబడుతుంది. ఎలాగో కింద చెప్తాను. ఇక నవ్వు సంగతి. నవ్వు వల్ల నష్టమేమీ లేదు, కానీ అది ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి. పిట్టలోంచి వస్తే మంచిది. కళ్ళజోడులోంచి వస్తే దండగ. నేను ఇది సొంత డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

నేను విశాఖ వైపు వాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా కాగితం, సిమెంటు, చెక్క, తుక్కు ఇనుము, ఏది దొరికితే దాంతో జంతువుల బొమ్మలు చేస్తున్నాను. ఎక్కువగా బళ్ళకూ పార్కులకూ. మొదట్లో ఒక సంస్థ వాళ్ళు వచ్చి, బీచ్‌లో పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేలు చేయమన్నారు. ‘సరదాగా ఉండాలి, జనం ఆగాలి’ అన్నారు. సరేనని తాబేలును పడక్కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, నల్లద్దాలు పెట్టి, చేతిలో కొబ్బరిబోండాం పెట్టాను. జనం ఆగారు. ఆగడమేంటి, క్యూ కట్టి ఫొటోలు దిగారు. నేను మీసం మెలేసుకుంటూ మూడో రోజు సాయంత్రం పక్కన నిలబడి, ఒకావిణ్ణి ఏమీ తెలియనట్టు అడిగాను, ‘ఇదేంటండీ?’ అని. ‘ఏదో రిసార్టు వాళ్ళ యాడ్ అనుకుంటానండీ’ అంది. నా తాబేలు మూడు రోజుల్లో కొన్ని వేల మందికి రిసార్టు యాడ్‌గా పనిచేసింది. బిల్లులో సగం ఇప్పటికీ రాలేదు, అది వేరే కథ.

ఆ రోజే ఒక ముసలి మత్స్యకారుడు బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, ‘తాంబేలు గుడ్లెట్టడం ఎప్పుడైనా చూసినావా బాబూ?’ అని అడిగాడు. చూళ్ళేదన్నాను. అప్పుడు చెప్పాడు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆడ తాబేలు ఒడ్డుకొస్తుంది. వెనక తెడ్లతో, అచ్చం చేత్తో తోడినట్టు, ఇసుకలో గుంట తీస్తుంది. వంద దాకా గుడ్లు పెట్టి ఇసుక కప్పేస్తుంది. తర్వాత అసలు తమాషా. ఒళ్ళంతా ఎడమకోసారి, కుడికోసారి ఎత్తేస్తూ దబదబామని ఇసుకను అదుముతుంది. ఆయన చెప్తూ చెప్తూ, లుంగీ మోకాళ్ళ పైకి లాక్కుని ఇసుకలో కూర్చుని చేసి చూపించాడు. చుట్టూ పిల్లలు పగలబడి నవ్వారు. నా నల్లద్దాల తాబేలును చూసి అంతగా ఎవరూ నవ్వలేదు. పరిశోధకులు దీన్ని తాబేలు నాట్యం అని కూడా అంటారని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు నా సొంత ఖర్చుతో ఇంకో తాబేలు చేశాను. పాత ఇంటి దూలాల చెక్కతో, ఊగే గుర్రం ఉంటుంది చూడండి, ఆ పద్ధతిలో కింద వంపు పెట్టి. కాకపోతే ముందుకూ వెనక్కూ కాదు, పక్కలకు ఊగుతుంది. పిల్లలెక్కి ఊగితే పొట్ట ఇసుకకు తగిలి ‘దబ్, దబ్’ మంటుంది. పక్కన ఒకటే మాట రాశాను: ‘గుడ్లు పెట్టిన తల్లి ఇలాగే ఊగి ఇసుక గట్టిచేస్తుంది.’ ఎక్కిన ప్రతి పిల్లా దిగగానే అడిగిన ప్రశ్న ఒకటే, ‘గుడ్లెక్కడున్నాయి?’ అని. వంగి ఇసుకలో వెతికేవాళ్ళు కూడా. నాకు కావలసింది అదే.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. బొమ్మలో అతిశయం ఒక్క చోటే ఉండాలి, అది ఆ జంతువుకు నిజంగా ఉన్న దాని మీదే ఉండాలి, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉండాలి. నవ్వొచ్చిన చోటే విషయం కూడా ఉండాలి. అది ఇంకెక్కడో బోర్డు మీద ఉంటే ఎవరూ చదవరు.

ఇక మీ పిట్ట దగ్గరికి వస్తాను. మీ అదృష్టం కొద్దీ, బట్టమేక కంటే వింతగా ఉండే పక్షిని మనం కల్పించినా కల్పించలేం. మగపక్షి నిలబడితే ఇంచుమించు నాలుగడుగులు, బరువు 15 కిలోల దాకా. ఎగరగలిగే పక్షుల్లో అంత బరువున్నవి ప్రపంచంలోనే తక్కువ. జతకట్టే కాలంలో అది మెడ కింద ఉన్న సంచీని గాలితో నింపుకుంటుంది. తెల్లటి సంచీ, తలగడకు గలీబు తొడిగి మెడకు కట్టినట్టు, ఒక్కోసారి కాళ్ళ దాకా వేలాడుతుంది. తోకను వెనక నుంచి వీపు మీదకు విసనకర్రలా మడుచుకుంటుంది. ఆ వేషంతో, పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి పెద్దాయన నడిచినట్టు దర్జాగా నడుస్తూ, లోపలి నుంచి ‘హూమ్’ అని గుమ్మెత్తే శబ్దం చేస్తుంది. అది అర కిలోమీటరు దాకా వినిపిస్తుంది. ఇంత సరంజామా ఉన్న పిట్టకు మీరు సెల్‌ఫోను ఇస్తానంటున్నారు!

కాబట్టి అతిశయం సంచీ మీద పెట్టండి. శరీరం మొత్తం అసలు సైజులో, అంటే నాలుగడుగుల్లోపే చేయండి. ఆరడుగులు వద్దు. అసలు పిట్ట ఎంతుంటుందో పిల్లలకు తెలియాలి, అది వాళ్ళ భుజం దాకా వస్తుందని వాళ్ళే నిలబడి చూసుకోవాలి. సంచీని మాత్రం కాస్త పెద్దది చేయండి, నేలకు ఆనేంత. మెత్తని తెల్ల గుడ్డతో కుట్టి, లోపల సైకిల్ ట్యూబు పెట్టి, పక్కన పంపు పెట్టారంటే పిల్లలు కొట్టుకుంటారు దాని కోసం. నాలుగు సార్లు కొడితే సంచీ ఉబ్బుతుంది, వదిలితే దిగిపోతుంది. శబ్దానికి ఖాళీ కుండ మూతికి రబ్బరు బిగించి ఒకణ్ణి గోడ వెనక కూర్చోబెట్టండి.

మిగతా విషయాల్లో తప్పు రానివ్వకండి. తొంభై శాతం మంది చేసే తప్పు కాళ్ళ దగ్గర. మనకు కోడి కాలు అలవాటు కనుక వెనక ఒక వేలు పెట్టేస్తాం. బట్టమేకకు ముందుకు మూడు వేళ్ళే ఉంటాయి, వెనక వేలు ఉండదు. అందుకే అది కొమ్మ పట్టుకుని వాలలేదు, చెట్టెక్కదు, బతుకంతా నేల మీదే. పొరపాటున కూడా కొమ్మ మీద నిలబెట్టకండి. నెత్తిన నల్లటి టోపీలాంటి మచ్చ, మగదానికి రొమ్ము మీద అడ్డంగా నల్ల పట్టీ, మెడ తెలుపు, వీపు ఎండిన గడ్డి రంగు. కళ్ళు తలకు అటొకటి ఇటొకటి ఉంటాయి. ఈ కళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. 1960లలో జాతీయ పక్షిని ఎంచుకునేటప్పుడు పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ బట్టమేక పేరు చెప్పారు. 1963లో నెమలికి దక్కింది. ఇంగ్లీషులో దీని పేరు ‘బస్టర్డ్’ కదా, ఒక్క అక్షరం తేడా వస్తే బూతైపోతుందని భయపడ్డారని చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ కథ చెబితే పిట్ట పేరు చచ్చినా మర్చిపోరు. మీ హెడ్మాస్టరు గారు లేనప్పుడు చెప్పండి.

ఇప్పుడు పదార్థం. థర్మాకోల్ మాట మర్చిపోండి. వారోత్సవం అయిపోయాక ఆ ముక్కలు మీ ఊరి చెరువులో తేలుతాయి. ఇంకో పెద్ద కారణం కూడా ఉంది, దానికి ఒక ఉదాహరణ చెప్తాను.

నీలగిరుల్లో గూడలూరు దగ్గర ఆదివాసీ కళాకారులు వంద ఏనుగుల బొమ్మలు చేశారు, అసలు ఏనుగుల సైజులో. ఇనుప చట్రం మీద లాంటానా కర్రలు చుట్టి మేకులు కొట్టి చేసినవి. బెట్టకురుంబ, పనియ, కాట్టునాయకన్, సోలిగ తెగల వాళ్ళు. ఒక్కో బొమ్మా వాళ్ళు అడవిలో రోజూ చూసే ఫలానా ఏనుగే, వాళ్ళకు ఆ ఏనుగుల గుణగణాలన్నీ తెలుసు. అవి 2021లో లండన్ పార్కుల్లో తిరిగాయి, 2024లో అమెరికా వెళ్ళి న్యూయార్క్, మయామీల మీదుగా ఊరేగాయి. నాకు నచ్చింది లాంటానా. బ్రిటిష్ వాళ్ళు పూల అందం కోసం తెచ్చిన మొక్క మన అడవుల్ని కమ్మేసింది, ఏనుగులకు మేత లేకుండా చేసింది. ఆ మొక్కనే నరికి, ఉడకబెట్టి, తోలు తీసి, దాంతోనే ఏనుగును కట్టారు. కర్ర కొట్టిన ప్రతిసారీ అడవికి అంత జాగా మిగులుతుంది.

మీ దగ్గర లాంటానాకు బదులు సర్కారు తుమ్మ ఉంది. బట్టమేకకు కావలసింది చెట్లు లేని గడ్డిమైదానం, జొన్న, కొర్ర లాంటి మెట్ట పంటల చేలు. అలాంటి చోట సర్కారు తుమ్మ మొలిస్తే అది పిట్టకు ఇల్లు కాదు. కాబట్టి చట్రం సర్కారు తుమ్మ కర్రతో కట్టండి. ముళ్ళు మీరే గీకేసి పిల్లలకివ్వండి. ఒంటి మీద ఈకలకు జొన్న చొప్ప ఆకు వాడండి. ఎండిన జొన్నాకు రంగూ బట్టమేక వీపు రంగూ పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం. ఆకును వేలెడు వెడల్పున కత్తిరించి, తోక వైపు నుంచి మొదలుపెట్టి మెడ వైపుకు, పెంకులు కప్పినట్టు ఒకదాని మీద ఒకటి అతికించుకుంటూ రావాలి. ముందు నుంచి మొదలుపెడితే పిట్ట ఎదురుగాలికి ఈకలు రేగిన కోడిలా తయారవుతుంది. నేను చేశాను, నాకు తెలుసు.

తయారీ. కాళ్ళకు 8 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ రెండు తీసుకోండి. పైన శరీరం లోపలికి ఒక అడుగు వెళ్ళేలా, కింద ‘ఎల్’ ఆకారంలో వంగి పాదం కింద ఇంకో అడుగు ఉండేలా వంచించండి, వెల్డింగ్ షాపులో నిమిషం పని. ఆ కింది భాగాన్ని వెడల్పాటి తట్టలో కాంక్రీటు పోసి పాతేయండి. సంచీ ముందు వైపు బరువు లాగుతుంది కాబట్టి కాళ్ళను శరీరానికి సరిగ్గా మధ్యలో కాకుండా నాలుగు వేళ్ళు ముందుకు జరపండి. తట్ట మీద మట్టి, గడ్డి కప్పేస్తే అది పిట్ట నిలబడ్డ నేలలా కనిపిస్తుంది. మీరు భయపడుతున్న నిలబడే సమస్య దీంతో తీరిపోతుంది.

కర్రల చట్రం మీద కోళ్ళ గూళ్ళకు వాడే జాలీ చుట్టి, దాని మీద కాగితం పొరలు. జిగురుకు మైదా పిండి ఒక వంతు, నీళ్ళు అయిదు వంతులు. పిండిని ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, అప్పుడు మరుగుతున్న నీళ్ళలో పోసి తిప్పండి. తిరగేసి పోస్తే ఉప్మా అవుతుంది. మైదా కంటే చింతగింజల జిగురు మేలు, కొండపల్లి బొమ్మల వాళ్ళు చింతగింజల పొడిలో రంపప్పొట్టు కలిపే ముద్దగా చేసి అతుకులు పెడతారు. కానీ గింజలు వేయించి, తొక్క తీసి, రుబ్బి, ఉడికించడానికి మీకు టైమ్ ఉండదు.

పొరలు ఎనిమిది వేయండి. పిల్లలు ఎక్కడ వేశారో, ఎక్కడ వదిలేశారో తెలియదు కదా, దానికో చిట్కా. ఒక పొర తెలుగు పేపరుతో, తర్వాతి పొర ఇంగ్లీషు పేపరుతో వేయించండి. ఇంగ్లీషు వేసే రోజు ఇంకా తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయంటే అక్కడ పొర పడలేదన్నమాట. కాగితాన్ని కత్తెరతో కత్తిరించొద్దు, చేత్తో చింపండి, చింపిన అంచు బాగా కలిసిపోతుంది. రెండు పొరలకొకసారి ఎండబెట్టాలి. పైన ఎండి లోపల తడి ఉండిపోతే వారంలో బూజు వాసన. మీ వైపు సెప్టెంబరులో వాన నమ్మలేం కాబట్టి ఆగస్టు చివరికే కాగితం పని మొదలెట్టండి. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలపడం మా పాతవాళ్ళ పద్ధతి. అది విషం. కలిపితే చివరి పొరకు మాత్రమే, చేతికి తొడుగులేసుకుని మీరే వేయండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. ఖర్చు నా లెక్కన మీ ఎనిమిది వేలల్లో సగం కూడా దాటదు. మిగిలిన దానికి ఇంకో పని చెప్తాను.

అదేంటంటే, ఒక్క పెద్ద బొమ్మతో ఆపకండి.

2008లో ఫ్రాన్స్‌లో పావ్లో గ్రాంజాన్ అనే శిల్పి, వన్యప్రాణుల్ని కాపాడే సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కోసం వాడేసిన కాగితంతో పాండా బొమ్మలు 1600 చేశాడు. తర్వాత అవి చాలా దేశాలు తిరిగాయి, 2014లో హాంగ్‌కాంగ్‌కూ వెళ్ళాయి. ముద్దుగా, గుండ్రంగా, ఒక్కోటీ ఒక్కోలా కూర్చుని ఉంటాయి. చూడగానే నవ్వొస్తుంది. తర్వాత తెలుస్తుంది, 1600 ఎందుకో. అప్పటికి అడవుల్లో మిగిలిన పాండాల అంచనా అంతే. బోర్డు అక్కర్లేకుండా లెక్కే కళ్ళ ముందు కూర్చుంది. దీనికి ఎదురుగా, 2007లో రాటర్‌డామ్‌లో మొదలైన ఎలిఫెంట్ పరేడ్ ఉంది. ఒకే అచ్చు గున్న ఏనుగుల మీద ఒక్కో చిత్రకారుడు ఒక్కో రంగుల బొమ్మ వేస్తాడు, వేలం వేసి వచ్చిన డబ్బులో కొంత ఏనుగుల సంరక్షణకు ఇస్తారు. డబ్బు వస్తుంది, మంచిదే. కానీ ఏనుగు గురించి అందులో నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. అక్కడ ఏనుగు బదులు ఆవు ఉన్నా నడుస్తుంది, నిజానికి అంతకుముందే జ్యూరిచ్‌లో ఆవులతో అలాంటి ప్రదర్శన చేశారు కూడా.

మీకు పాండాల దారి సరిగ్గా కుదురుతుంది. మిగిలిన బట్టమేకల అంచనా దేశం మొత్తం మీద 150కి అటూ ఇటూ. ఎక్కువ భాగం రాజస్థాన్‌లో జైసల్మేర్ వైపే. మీ పిల్లలు 25 మంది. ఒక్కొక్కరు ఆరు పిట్టలు చేస్తే 150. మీ బడి గ్రౌండులో మూలన ఉన్న గడ్డిలో వాటిని నిలబెడితే చాలు, దేశంలో ఉన్న బట్టమేకలన్నీ వచ్చి మీ బడిలో నిలబడినట్టే. గ్రౌండు నిండదు, సగం ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీని ఏమీ చేయకండి, అలాగే ఉంచండి.

చిన్న పిట్టలు జానెడు లోపు ఉంటే చాలు. మట్టితో చేయించండి. మీ నల్లరేగడి పనికిరాదు, ఎండితే పొలంలో పగిలినట్టే చేతిలోనూ పగుళ్ళిస్తుంది. కుమ్మరి దగ్గర చెరువు మట్టి అడిగి, సన్నగా తరిగిన చొప్ప కలిపి పిసకండి. రెండు కాళ్ళు పెట్టబోతే విరుగుతాయి, గడ్డిలో కాళ్ళెలాగూ కనిపించవు. పొట్టలోకి ఒక్క పుల్ల గుచ్చి నేలలో పాతేయండి. అన్నీ ఒకేలా రావాలని పట్టుబట్టకండి. ఒకడి పిట్ట బాతులా వస్తుంది, ఒకమ్మాయిది వాళ్ళ నాయనమ్మలా వస్తుంది. రానివ్వండి. నల్ల టోపీ, పొడుగు మెడ, ఈ రెండూ ఉంటే చాలు. ఆడపిట్టలు, మగపిట్టలు కలపండి. అక్కడక్కడ ఒక ఆడపిట్ట పక్కన నేల మీదే ఒకే ఒక్క గుడ్డు పెట్టండి. అది సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, గూడు కట్టదు, వట్టి నేల మీదే. చూడటానికి వచ్చినవాళ్ళు గుడ్డు తొక్కబోయి, ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకోవాలి.

ఇప్పుడు కళ్ళ సంగతి. బట్టమేకకు కళ్ళు పక్కలకు ఉండటం వల్ల చుట్టూ బాగా కనిపిస్తుంది, సూటిగా ఎదురుగా చూపు ఆనే మేర తక్కువ. ఎగురుతూ నేల వైపు తల వంచితే ముందున్నది అసలే ఆనదు. పైగా భారీ శరీరం, చివరి నిమిషంలో పక్కకు తప్పుకోలేదు. ఎదురుగా కరెంటు తీగలుంటే తగులుకుంటుంది. థార్ ఎడారిలో ఏటా 18 దాకా ఇలా తీగలకు తగిలి చనిపోతున్నాయని డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 150 ఉన్న జాతిలో 18! ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021లో తీగలను భూమిలోంచి వేయమన్నారు, 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీని వేశారు. సోలార్, గాలిమరల కరెంటు కూడా దేశానికి కావాలి కదా, అంత తేలికైన పంచాయితీ కాదు. మీ జిల్లాలోనే అంత పెద్ద సోలార్ పార్కులున్నాయి, పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా వేస్తారు. జవాబు మీరే చెప్పేయకుండా వాళ్ళనే వాదించుకోనివ్వండి.

బొమ్మలో దీన్ని ఇలా పెట్టండి. 150 పిట్టల పైన, రెండు గుంజల మధ్య పాత అల్యూమినియం తీగ కట్టండి, కరెంటు లేనిది సుమా. తీగ కింద 18 పిట్టలను నిలబెట్టకుండా పక్కకు పడుకోబెట్టండి. రాత ఏమీ వద్దు. పంపు కొట్టి సంచీ ఉబ్బించి నవ్వుకుంటూ వచ్చిన పిల్లవాడు అక్కడికొచ్చేసరికి ‘సార్, ఇవెందుకు పడిపోయాయి?’ అంటాడు. నవ్వులాటైపోతుందేమో అన్న మీ భయానికి నా జవాబు ఆ 18 పిట్టలే. మూడు రోజుల తర్వాత, పాత సీడీలను దారాలతో తీగకు వేలాడదీయించండి. గాలికి తిరుగుతూ మెరుస్తాయి. అసలు లైన్లకూ పక్షులకు కనిపించేలా ఇలాంటి మెరిసే బిళ్ళలు తగిలిస్తారు, డైవర్టర్లు అంటారు.

మీకు కళ్ళజోడు మీద మరీ మనసుంటే ఒక దారి ఉంది. పిట్టకు కాదు, చూసేవాళ్ళకు పెట్టండి. అట్టముక్కతో జోడు చేసి, ముందు భాగం మూసేసి పక్కలకు మాత్రం కనిపించేలా కట్ చేయండి. అది పెట్టుకుని, ఛాతీ ఎత్తులో అడ్డంగా కట్టిన రంగు రిబ్బను దాకా నెమ్మదిగా నడవమనండి. తగలకుండా ఆగినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. నైలాన్ తాడు కట్టకండి, మెడకు చుట్టుకుంటుంది.

బట్టమేక అందంగా లేదని, నెమలిలా జనం ముచ్చటపడరని మీరు రాశారు. అస్సాంలో హర్గిల అనే పెద్ద కొంగ ఉంది, మీకు తెలిసే ఉంటుంది. బోడి తల, మెడ కింద వేలాడే సంచీ, చెత్తకుప్పల దగ్గర కుళ్ళిన మాంసం తింటుంది. ఊళ్ళో వాళ్ళు అపశకునమని గూళ్ళున్న చెట్లు నరికేసేవారు. పూర్ణిమాదేవి బర్మన్ అనే జీవశాస్త్రవేత్త ఆ ఊళ్ళ ఆడవాళ్ళను కూడగట్టింది. వాళ్ళు కాగితంతో చేసిన హర్గిల తలలను కిరీటాల్లా పెట్టుకుని ఊరేగుతారు, గమోసాల (అస్సాం తువ్వాళ్ళ) మీద, చీరల మీద ఆ పక్షినే నేస్తారు. ఆ వికారమే వాళ్ళ గుర్తయింది. ఆమెకు 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది, 2023లో ఆ పక్షిని అంతరించే ముప్పున్న జాబితాలోంచి రెండు మెట్లు కిందికి దించారు. అదంతా కాగితపు కిరీటాల వల్లే అనను, కానీ వాటిని తలకెత్తుకున్న ఆడవాళ్ళ వల్లే కదా చెట్లు నిలిచాయి. ఒక్క మాట, అది బయటివాళ్ళు తెచ్చి పెట్టిన బొమ్మ కాదు, ఊరివాళ్ళు చేసుకున్నది.

అందుకని మీ పిట్టను మొదట కలెక్టరేట్‌కో, ఎగ్జిబిషన్‌కో పంపకండి. ఊళ్ళో రచ్చబండ దగ్గర ఒక పూట పెట్టండి, రంగులు వేయకముందే. రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టిందే ఈ పిట్ట కోసం. అప్పట్లో పదుల సంఖ్యలో కనిపించేవి, ఇప్పుడు కనిపించడం గగనమైపోయింది. అరవై దాటిన రైతుల్లో, గొర్రెల కాపర్లలో దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళు వచ్చి మీ బొమ్మకు వంక పెడతారు. ‘మెడ ఇట్లుండదు సార్’, ‘నడిచేటప్పుడు ఒళ్ళు వంగదు’ అంటారు. అలా అన్న ప్రతి మాటనూ ఒక పిల్లవాడి చేత రాయించండి, దిద్దగలిగినవి దిద్దండి. వాళ్ళు చెప్పినవాటిలో ఒక వాక్యం, వాళ్ళ మాటల్లోనే, వాళ్ళు ఒప్పుకుంటే పేరుతో సహా, ‘నన్ను కాపాడండి’ బోర్డు స్థానంలో పెట్టండి. ‘కాపాడండి’ అన్న మాట చదివీ చదివీ మన కళ్ళు మొద్దుబారిపోయాయి. ‘మా జొన్న చేలో ఫలానా ఏడు రెండు పిట్టలు దిగినాయి’ అని మీ ఊరాయన చెప్పింది ఉంటే అందరూ ఆగి చదువుతారు.

వారోత్సవం అయ్యాక చిన్న పిట్టలను పిల్లలకే ఇచ్చేయండి, ఇళ్ళకు తీసుకెళ్తారు. పడుకోబెట్టిన 18 మాత్రం బడిలోనే ఉంచుకోండి, వచ్చే ఏడు ఎనిమిదో తరగతి వాళ్ళకు పనికొస్తాయి. పెద్ద పిట్టకు రెండు పూతలు వార్నిష్ వేసి వరండాలో ఎత్తు మీద పెట్టండి. నేల మీద పెడితే ఎలుకలు వదలవు, మైదా జిగురంటే వాటికి పండగ. కాళ్ళు కాంక్రీటులో పాతేముందు ఒకసారి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, వెనక వేలు ఉందో లేదో నేను చూస్తాను.